వంటింటి వైపు గుమ్మం

ఆ ఎండాకాలం మా ఇంట్లో మధ్యాహ్నాలన్నీ ఇంగ్లండులో గడిచాయి. బయట ఆయిల్‌పామ్ తోట మీద ఎండ నిప్పులు కురుస్తుంటే, మేం హాల్లో కర్టెన్లు దించి, కూలర్‌లో నీళ్లు నింపి, టీవీ ముందు చేరేవాళ్లం. టీవీలో ఒక పెద్ద రాతి భవంతి. దాని చుట్టూ కనుచూపు మేర పచ్చిక, ఆ పచ్చిక మీద ఎప్పుడూ చినుకు. ఎవరో దొర గుర్రం దిగి, చేతి తొడుగులు విప్పుకుంటూ లోపలికి వస్తాడు. గుమ్మం దగ్గర వరసగా నిలబడ్డ పనివాళ్లు తలలు వంచుతారు. మా ఎండల్లో కూర్చుని ఆ ఇంటివాళ్లు చలి కాచుకోవడం చూస్తుంటే నాకు నిజంగానే ఒళ్లు చల్లబడేది.

చూసేది ముగ్గురం. సోఫాలో కాళ్లు చాపుకుని మా అత్తగారు రాఘవమ్మ. ఆవిడ పక్కన నేను. వంటింట్లోంచి హాల్లోకి వచ్చే గుమ్మానికి ఆనుకుని కింద జంపక్క. జంపక్క మా ఇంట్లో వంట చేసేది. ఆమె భర్త బొజ్జయ్య మా మామగారి కాలం నుంచి తోట చూసుకున్నవాడు, అంతకుముందు చలికాలంలోనే కామెర్లతో పోయాడు. తోట చివర వాగు గట్టు మీద వాళ్ల గుడిసె. నేను పెళ్లై వచ్చేసరికే ఆ వంటిల్లు జంపక్క చేతిలో ఉంది. పోపుల డబ్బా ఎక్కడుందో నేను ఆమెనే అడిగేదాన్ని.

మా ఆయన పెన్‌డ్రైవ్‌లో వేయించుకొచ్చిన ఆ సీరియళ్లు ఇంగ్లీషులో ఉండేవి, చూసినవే మళ్లీ మళ్లీ చూసేవాళ్లం. నేను ఖమ్మంలో ఇంగ్లీషు ఎం.ఏ. చదివాను. ఆ చదువుకు బయట ఉద్యోగం రాలేదు గానీ ఇంట్లో ఒక కొలువు దొరికింది. టీవీలో వాళ్లు మాట్లాడుతుంటే నేను పక్కనుంచి తెలుగులో చెప్పుకుపోవాలి. సగం వాళ్ల మాటలు, సగం నా మసాలా. నా మసాలా ఎక్కువైన రోజున కథ బాగుందనేవారు అత్తగారు.

ఆవిడకు ఆ ఇంటి ముసలి దొరసాని అంటే ప్రాణం. దొరసాని చేతికర్ర నేలకు తాటించి ఒక్క మాట అంటే ఇంటిల్లిపాదీ గప్‌చుప్. "చూశావుటే లతా, ఆ టెక్కు! ఇంటికి పెద్ద అంటే అట్టా ఉండాల" అని మురిసిపోయేవారు. జంపక్కకు పై అంతస్తు సంగతులు పట్టేవి కావు. ఆ భవంతిలో నేల కింద వంటిల్లు ఉంటుంది. రాగి గిన్నెలు, పొడుగాటి బల్ల, గోడ మీద వరసగా గంటలు. పై గదుల్లో ఎవరికి ఏం కావాలన్నా ఇక్కడ గంట మోగుతుంది.

"పైన ఏడుపులు నాకెందుకు చిన్నమ్మా, జర కిందికి తీస్కపో" అనేది నాతో, రిమోట్ నా చేతిలో ఉంది కాబట్టి ఆ మెట్లన్నీ నావే అన్నట్టు. "గా వంటామె మంచిగుంటది. చేతిల గరిటె ఉన్నంతసేపు దొరకు గూడ భయపడదు."

నాకు మాత్రం మనుషుల కన్నా ఆ ఇల్లే ఇష్టం. బోనకల్‌లో, రైలు పోయినప్పుడల్లా గిన్నెలు గలగలమనే రెండు గదుల్లో పెరిగినదాన్ని. పొడవాటి కిటికీలు, మలుపు తిరిగే మెట్లు చూస్తే కడుపు నిండేది. మా ఇల్లు ఆ భవంతి అంత కాకపోయినా, భద్రాచలం అడవి మొదలయ్యే ఆ చోట అలాంటి డాబా మరొకటి లేదు. పెళ్లిచూపుల్లో నేను సరే అన్నది తనను చూసి కాదు, ఇంటి ఫోటో చూసి అని మా ఆయన ఇప్పటికీ దెప్పుతాడు. అబద్ధమేం కాదు.

అంత ఇష్టపడి వచ్చిన ఇల్లు కాగితం మీద మాది కాదు. అది ఏజెన్సీ. అక్కడ భూమి గిరిజనుల పేరు మీదే ఉండాలి, మాలాంటి వాళ్ల పేరుకు రాదు. మా మామగారు వెంకటరామారావు కృష్ణా జిల్లా నుంచి కుర్రతనంలో వచ్చి ఆ నేల కొన్నప్పుడు, కోయవాడు, పైగా నమ్మకస్తుడని బొజ్జయ్య పేరున రాయించారు. తోట ఆ పేరునే వేశారు, ఇల్లు ఆ పేరునే కట్టారు. పేరు బొజ్జయ్యది, పెత్తనం మాది. మామగారు పోయాక కూడా బొజ్జయ్య దాని గురించి పల్లెత్తు మాట అనలేదు. బొజ్జయ్య పోయాక హక్కు జంపక్కకు వచ్చింది. ఆమె కూడా ఏమీ అనలేదు. పొద్దున్నే వంటింటి వైపు గుమ్మంలోంచి వచ్చి స్టవ్ వెలిగించేది.

అప్పుడు మేం చూస్తున్న సీరియల్లోనూ ఇల్లు పోయే గొడవే నడుస్తోంది. దొరకు కొడుకులు లేరు, ఉన్నది కూతుళ్లే. వాళ్ల చట్టం ప్రకారం భవంతి ఎవరో దూరపు బంధువుకు పోతుంది. "అదేం చట్టమే, ఇంట్లో ఉన్నవాళ్లను కాదని" అని అత్తగారు ఇంగ్లండు ప్రభుత్వాన్ని నాలుగు తిట్టి, ఉన్నట్టుండి ఆగిపోయారు. జంపక్క చింతపండు పిక్కలు తీస్తూ టీవీ వంకే చూస్తోంది.

ఇప్ప పూలు రాలే రోజుల్లో ఒక మధ్యాహ్నం మా ఆయన అనిల్‌కుమార్ చెప్పులతోనే హాల్లోకి వచ్చి టీవీ కట్టేశాడు.

"మన మీద ఎవడో ఫిర్యాదు పెట్టాడు. ఆఫీసరు వస్తున్నాడంట. ఇల్లూ తోటా ఎవరి చేతిలో ఉన్నాయో కళ్లారా చూసి పోతాడు. మన చేతిలో ఉన్నాయని తేలితే ఖాళీ చెయ్యమంటారు."

"ఖాళీ చేసి?" అన్నారు అత్తగారు.

"ఖాళీ చేసి ఏంటమ్మా. ఖాళీ చెయ్యడమే."

మా తిండీ బట్టా ఆ తోటే. కృష్ణా జిల్లాలో మాకంటూ ఎవరూ మిగల్లేదు. మా ఆయనకు తోట పని తప్ప మరోటి రాదు, నా ఎం.ఏ. సంగతి చెప్పనే చెప్పాను. ఆ గోడలు దాటితే మేం ఎవరికీ ఏమీ కాము. ఆ సంగతి అంతకుముందు తెలియక కాదు, అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

"జంపక్కా, నువ్వు కూర్చో" అన్నాడు మా ఆయన, కింద కూర్చునే ఉన్న మనిషితో. "ఆఫీసరు అడిగితే, ఇల్లు నాదే, నేనే ఉంటున్నాను అని చెప్పు. మేం నీ తోటలో పనికి ఉన్నవాళ్లం. ఇంత చోటిచ్చావు, ఉంటున్నాం. అంతే."

జంపక్క ఆయన వంక చూసి, తర్వాత అత్తగారి వంక చూసింది. "ఇల్లు నాదేనా బాబూ?"

వెటకారానికి అడగలేదు. బియ్యం ఎన్ని పొయ్యాలి అని అడిగినట్టే అడిగింది.

"కాగితంలో నీదే" అన్నాడు ఆయన.

"కాగితంల సంగతి నాకెర్కే. ఆఫీసరు అడిగేది గదేనా?"

"అదే."

"అయితే చెప్త. ఇన్నేండ్లు మీ ఉప్పు తింటి. ఎట్ల చెప్పమంటే అట్ల చెప్త" అని చింతపండు గిన్నె తీసుకుని లేచింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో సీరియల్ చూడటం పోయి, ఆడటం మొదలైంది. అత్తగారి బీరువాలో జంపక్క చీరలు మడతపెట్టాం. అత్తగారి మంచం వెనక గదిలోకి మారింది. దర్శకత్వం నాది. దొరసానులు ఎలా కూర్చుంటారో, ఎలా పిలుస్తారో, ఎవరి ముందు ఎవరు నిలబడాలో నాకన్నా తెలిసినవాళ్లు ఆ చుట్టుపక్కల ఎవరున్నారు! టీ నేను తెస్తానన్నాను. అత్తగారు ఒప్పుకోలేదు.

"నేను తెస్తా. ముసల్ది ఊరికే కూర్చుంటే ఎవరీమె అంటాడు. ట్రే పట్టుకున్నదాన్ని ఎవడూ తేరిపార చూడడు, నీ సీరియల్లోనే చూశాంగా. ఇల్లు నిలబడేదుంటే ట్రే ఏం ఖర్మ, చీపురైనా పడతా" అన్నారు. ఆ మాట అంటూనే ఆవిడ కొంగుతో ట్రే తుడవడం మొదలుపెట్టారు. నేను చూడనట్టు కర్టెన్ సర్దాను.

జంపక్క సోఫా అంచున, లేవమంటే లేవడానికి సిద్ధంగా కూర్చుంది.

"వెనక్కి జారగిలబడు జంపక్కా."

"పడిపోతనేమో అనిపిస్తున్నది చిన్నమ్మా. గింత మెత్తగ ఎట్ల కూసుంటరు?"

"అలవాటవుతుంది. ఇదిగో, టీ తెచ్చినప్పుడు తెచ్చినవాళ్ల మొహం చూడకూడదు. చెయ్యి చాపి కప్పు అందుకోవాలి, అంతే."

"ఎందుకు చూడొద్దు?"

"దొరసానులు చూడరు. సీరియల్లో చూశావుగా."

"సీరియల్ల ఎందుకు, ఈడ చూస్తలేనా" అంది జంపక్క.

అత్తగారు ట్రేతో గుమ్మంలోనే ఉన్నారు. కప్పులు గలగలమన్నాయి. జంపక్క ట్రే వంక చూసి తడబడింది. ఆమె తాగే స్టీలు గ్లాసు వేరే. వంటింటి వైపు గుమ్మం బయట మేకుకు వేలాడుతూ ఉంటుంది. "నా గిలాస ఏది?" అంది. కప్పులో తాగమన్నాను. ఆమె ఆ పింగాణీ కప్పును రెండు చేతుల్తో, వేడి గిన్నెను దించినట్టు పట్టుకుంది.

కానీ జంపక్క మహా చురుకు. నాలుగు రోజులు తిరిగేసరికి నా శిక్షణ ఆమెకు బాగా పట్టుబడింది. ఒక పూట అత్తగారు టీ అందిస్తే, కళ్లెత్తకుండానే ఒక గుక్క తాగి, "చక్కెర తక్కువైంది" అంది. అత్తగారు "అయ్యో" అని కప్పు తీసుకుని గబగబా వంటింట్లోకి పోయి, చక్కెర డబ్బా మూత తీశాక గానీ తనేం చేస్తున్నారో తెలుసుకోలేదు. నాకు నవ్వాగలేదు. జంపక్క కొంగు నోట్లో కుక్కుకుని ఊగిపోయింది. అత్తగారు కూడా నవ్వారు, కాస్త ఆలస్యంగా.

నవ్వు పోయాక మళ్లీ అదే గుబులు. ఎవరూ చూడకుండా నేను గదిగదికీ తిరిగి గోడలు తడిమేదాన్ని. ఇల్లు నిలబడితే కాలినడకన వస్తానని భద్రాద్రి రాముడికి ముడుపు కట్టాను. మా ఆయన అన్నం ముందు కూర్చుని కలిపిన ముద్ద అలాగే పట్టుకుని ఉండేవాడు. ఎప్పుడూ ఎవరినీ ఒక మాట అనని మనిషి, కుక్క మొరిగినా కసిరేవాడు.

ఆఫీసరు వచ్చే ముందు ఆయన కొత్తగూడెం వెళ్లి బొజ్జయ్య ఫోటో పెద్దది చేయించుకొచ్చాడు. బొజ్జయ్యకు ఉన్నది ఆధార్ కార్డు మీది ఫోటో ఒక్కటే. దాన్ని అంత పెద్దది చేసేసరికి మొహం చుక్కలు చుక్కలుగా విడిపోయింది. అది తగిలించడానికి మామగారి ఫోటో దించాలి.

"ఆయన్ను ఎక్కడ పెడతారు?" అన్నారు అత్తగారు.

"స్టోర్‌రూంలో. రెండు రోజులే అమ్మా."

అత్తగారు ఆ ఫోటోను తన పాత పట్టుచీరలో చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తనే తీసుకుపోయారు. చాలాసేపు స్టోర్‌రూంలోంచి బయటకు రాలేదు.

జంపక్క గోడ మీది భర్తను చూసి, "పోలిక వచ్చింది" అంది. తర్వాత నెమ్మదిగా, "ఫోటో పెట్టిన్రు, మంచిదే. పెద్దల్ని తెచ్చేదా మరి?" అని అడిగింది.

ఏం పెద్దలు అన్నాను.

"మాకు పోయినోళ్లు గోడ మీద ఉండరు చిన్నమ్మా. ఇంట్ల ఒక మూలకు కుండల ఉంటరు. ఈయనను గూడ దినాలప్పుడు పిల్చి వాళ్లల్ల కలిపినం. కొత్త పంటైనా, మామిడికాయైనా ముందుగాల వాళ్లకు పెట్టినంకనే మేం నోట్ల పెట్టుకుంటం. వాళ్లు ఏడుంటే గదే మా ఇల్లు. వచ్చే ఆఫీసరు కోయపిలగాడంట, మా గూడెంల అనుకుంటున్రు. ఆయన ముందుగాల గదే చూస్తడు."

"అలాగైతే తీసుకురా. రెండు రోజులుంచి, ఆయన పోయాక తీసుకుపోదువు" అన్నాడు మా ఆయన.

జంపక్క తల అడ్డంగా ఊపింది. "రెండు రోజులకు రారు బాబూ. ఒకపాలి కూసుంటే ఇగ లేపరాదు. ఆలోచన చేసుకొని చెప్పున్రి."

స్టోర్‌రూం గుమ్మంలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "వద్దు." ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి. "సోఫా ఇచ్చా, బీరువా ఇచ్చా, ఆయన్ను గోడ మీద నుంచి దించా. అదంతా నాటకం అనుకున్నా. వాళ్ల పెద్దలు వచ్చి కూర్చున్నాక ఇంక నాటకమేముంది? ఇల్లు వాళ్లకు ఇచ్చేసినట్టేగా. నా కంఠంలో ప్రాణం ఉండగా వద్దు."

"ఇంతమాత్రానికి గొడవెందుకు? ఒక కుండ కొని ఆ మూల పెడితే సరి" అన్నాడు మా ఆయన. "లోపల ఎవరున్నారో ఆయనకేం తెలుసు?"

జంపక్క చేత్తో నోరు మూసుకుంది. "చెయ్యరాదు బాబూ."

"నువ్వేం చెయ్యొద్దు. ఆ మూలకు చూడకు, చాలు."

ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆయన సంతలో కొత్త కుండ కొనుక్కొచ్చాడు. నేను దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మెడకు దారం చుట్టి, హాలు మూలన పీట మీద పెట్టాను. పూజకు పెట్టే కుండ ఎలా ఉండాలో మాకు తెలిసిన తీరు అదొక్కటే. చూడటానికి ముచ్చటగా ఉంది.

ఆఫీసరు పేరు బాలకృష్ణ. సన్నగా, మెత్తని గొంతుతో, కాలేజీ కుర్రాడిలా ఉన్నాడు. వెంట ఇద్దరు సిబ్బంది. బూట్లు బయటే విప్పి లోపలికి వచ్చాడు. జంపక్క అత్తగారి వెంకటగిరి చీరలో సోఫాలో వెనక్కి ఆనుకుని కూర్చుని ఉంది. అతను వాళ్ల కోయ మాటలో ఏదో పలకరించాడు. ఆమె ముఖం విప్పారింది. ఇద్దరూ నవ్వుకుంటూ చాలా మాట్లాడుకున్నారు. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. సొంత ఇంట్లో నిలబడి అర్థంకాని మాటలు వినడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. భుజాన తువ్వాలు వేసుకుని గోడవారన నిలబడ్డ మా ఆయన చెంపల మీంచి చెమట కారుతోంది.

తర్వాత సిబ్బంది రాసుకోవాలి కాబట్టి ఆఫీసరు తెలుగులోకి వచ్చాడు. అడిగినవాటికి జంపక్క తడుముకోకుండా చెప్పింది. ఇల్లు నాదే. తోట నాదే. వీళ్లు పనికి ఉన్నరు. అత్తగారు ట్రే తెచ్చారు. జంపక్క మొహం చూడకుండా కప్పు అందుకుంది.

"ఈమె ఎవరమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"వంటకుంటది బిడ్డా. మోకాళ్ల నొప్పులు, పాపం. శానా ఏండ్ల సంది ఉంటున్నది."

అత్తగారు తల వంచుకుని నిలబడ్డారు. సీరియల్లో పనివాళ్లు నిలబడ్డట్టే, చేతులు ముందుకు కట్టుకుని. ఈ ఒక్క పూట గడిచిపోతే చాలు స్వామీ, జన్మలో ఇంకేమీ అడగను అనుకున్నాను.

ఆఫీసరు గదులు చూశాడు. బీరువా చూశాడు, గోడ మీద బొజ్జయ్యను చూసి చేతులు జోడించాడు. సిబ్బంది సర్దుకుంటున్నారు. మా ఆయన నా వంక చూశాడు. ఆయన కళ్లలో నెల రోజులుగా లేని వెలుగు కనబడింది. బయటకు పోబోతూ ఆఫీసరు మూలనున్న కుండ చూసి ఆగాడు. జంపక్కతో వాళ్ల మాటలో ఏదో అన్నాడు, ఆ మూలకు నడిచి, మోకాళ్ల మీద వంగి, నుదురు నేలకు ఆనించబోయాడు.

"మొక్కకు బిడ్డా" అంది జంపక్క.

ఆమె లేచి నిలబడి ఉంది. కప్పు ఇంకా చేతిలోనే ఉంది.

"అది ఉత్త కుండ."

అతను వాళ్ల మాటలో అడిగినదానికి ఆమె తెలుగులో జవాబు చెప్పింది. మేం కూడా వినాలనే కావొచ్చు. ఆఫీసరు అలాగే వంగి, కుండకు మేం పెట్టిన కుంకుమ బొట్లను కాసేపు చూశాడు.

"మరి పెద్దలు ఏడున్నరమ్మా?"

"వాగు కాడ. గుడిసెల."

"నువ్వు?"

"నేను గూడ ఆడనే."

అతను గొంతు పెంచలేదు, మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మిగిలిన టీ నిలబడే తాగి, కప్పు తెచ్చి అత్తగారి ట్రేలో పెట్టి, "టీ బాగుందమ్మా" అన్నాడు. జంపక్క వెంకటగిరి చీరలోనే ముందు నడుస్తుంటే, వాగు వైపు ఆమె వెంట వెళ్లాడు. తోట వరసల మధ్య ఆ చీర రంగు చాలా దూరం కనబడింది.

సాయంత్రం ఆమె తన చీర కట్టుకుని, అత్తగారి చీర మడతపెట్టి తెచ్చింది. మా ఆయన ఆమె మీదికి పోయాడు. "మా ఉప్పు తిని మా కొంప ముంచావు గదే!"

"ఇంటి గురించి ఎన్ని చెప్పమంటే గన్ని చెప్పిన బాబూ" అంది జంపక్క. "సోఫాల కూసున్న. అమ్మగారిని వంటామె అన్న. గవన్నీ నా నోటితోని పోతయ్. ఆ పిలగాడు ఉత్త కుండకు మొక్కితే మా పెద్దలు చూస్తలేరా? రేపు నేను పోతే నన్ను వాళ్లల్ల కలుపుకోరు. ఆయన పక్కన నన్ను కూసోనియ్యరు. నేను యాడికి పోవాలె?"

యాడికి పోవాలె అన్న మాట దగ్గర మా ఆయన ఆగిపోయాడు. నెల రోజులుగా మా ఇంట్లో అందరం లోలోపల అనుకుంటున్న మాట అదే.

"అనిల్, ఇంక ఊరుకో" అన్నారు అత్తగారు. జంపక్క వైపు చూడకుండా, "వంకాయలు వాడిపోతున్నాయి, కూర చేసెయ్" అన్నారు. జంపక్క కళ్లు తుడుచుకుని వంటింట్లోకి వెళ్లింది.

వానలు పడేలోపు ఇల్లూ తోటా జంపక్కకు వదిలి ఖాళీ చెయ్యాలన్నారు. ఆ తర్వాత మా ఆయన ఎక్కని గడప లేదు. ఖమ్మంలో వకీళ్లు, తెలిసినవాళ్లు, తెలిసినవాళ్లకు తెలిసినవాళ్లు. పోయిన ప్రతిసారీ కాస్త వంగి తిరిగొచ్చేవాడు. నేను బాత్రూంలో నల్లా తిప్పి ఏడ్చేదాన్ని. ఏడ్చి ఏడ్చి, చివరకు ఏడుపు కూడా విసుగొచ్చింది. తునికాకు కోతలు ముగిసేసరికి తల్లాడలో ఒక పోర్షన్ కిరాయికి దొరికింది. హాలు, గది, గోడకు అతుక్కున్నంత వంటిల్లు.

ఇన్ని జరిగినా జంపక్క వంటకు రావడం మానలేదు. ఎందుకొస్తున్నావని మేం అడగలేదు, ఎందుకు రావాలని ఆమె అనుకోలేదు. టీవీ విప్పే ముందు రోజు మధ్యాహ్నం అత్తగారు సోఫాలో కూర్చుని, "జంపక్కా, మొదలవుతోంది, రా" అని కేకేశారు. జంపక్క వచ్చి ఎప్పటి గుమ్మానికే ఆనుకుని కూర్చుంది. కథ చివరలో ముసలి దొరసాని భవంతి వదిలి, ఊరి చివర చిన్న ఇంటికి వెళ్లిపోతుంది. ఆ ముక్క వచ్చినప్పుడల్లా ముందుకు జరపమనేవారు అత్తగారు. ఆ రోజు జరపొద్దన్నారు. దొరసాని బండెక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు. అత్తగారు కళ్లార్పకుండా చూశారు. నేను తెలుగులో చెప్పడం ఎప్పుడో మానేశాను.

"మరి వంటామె ఏమైంది?" అంది జంపక్క.

"ఆమె సంగతి చూపించలేదు జంపక్కా."

"పెద్దోళ్లు పోయినంక గూడ ఆమె పొయ్యి ముట్టియ్యాలె గదా. చూపియ్యరా?"

"చూపించరు."

మర్నాడు సామాను ఎక్కించడానికి డీసీఎం వ్యాను వచ్చింది. సామాను దగ్గరుండి సర్దించింది అత్తగారే. కర్టెన్ల కడ్డీలు, ఫ్యాన్లు, బల్బులు, గోడలకు కొట్టిన మేకులు కూడా పీకించారు. స్టవ్వూ సిలిండరూ చివర్లో ఎక్కించారు. అద్దె కారులో ముందు సీట్లో మామగారి ఫోటో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మబ్బు పట్టింది. తోట మీద ఇంగ్లండులో లాంటి వెలుతురు.

అప్పుడు తోట చివర నుంచి జంపక్క వచ్చింది. నెత్తిన చుట్టకుదురు మీద కుండ. భద్రాచలంలో చదువుకునే ఆమె కూతురు శ్రావణి వెనకే బియ్యం మూట పట్టుకుని నడుస్తోంది. అసలు కుండను నేను చూడటం అదే మొదటిసారి. చిన్నది, పొగచూరి నల్లగా ఉంది. పసుపు లేదు, బొట్లు లేవు. జంపక్క మా కారు దాటి, ముందు గుమ్మం దాటి, ఇంటి పక్కగా వెనక్కి పోబోయింది.

"జంపక్కా!" అని అరిచారు అత్తగారు అద్దం దించి. "పెద్దల్ని దొడ్డి వైపు నుంచి తీసుకుపోతారటే ఎవరైనా? ముందు నుంచి రా. తలుపు తీసే ఉంది."

జంపక్క నిలబడింది. నెత్తిన బరువు కదలకుండా మెల్లగా ఇటు తిరిగింది.

"అది మీ దర్వాజ అమ్మగారూ. నేను ఈ ఇంట్ల ఉన్నది వంటింట్లనే. మావోళ్లు గూడ ఆడనే, పొయ్యి కాడనే కూసుంటరు."

అని వెనక్కి వెళ్లిపోయింది. అత్తగారు అద్దం ఎత్తలేదు.

"లతా" అన్నారు. "స్టవ్ దింపించు."

"ఏంటత్తయ్యా?"

"దాని వంటింట్లో పొయ్యేదే? నేను పీకించి తెచ్చాగా. దింపించు."

"అమ్మా, మనల్ని రోడ్డున పడేసినదానికి..." అని మా ఆయన మొదలుపెట్టాడు, పూర్తి చేయలేకపోయాడు. డీసీఎం దగ్గర ఎవరూ కదల్లేదు. నేనే ఎక్కి స్టవ్ దించుకుని, రెండు చేతుల్తో పట్టుకుని ఇంటి పక్కగా నడిచాను. పెళ్లై వచ్చినప్పటి నుంచి ఆ దారిన నేను లోపలికి వెళ్లింది లేదు.

వంటింటి వైపు గుమ్మం బయట గోడకు ఒక్క మేకు మిగిలిపోయింది. దానికి గ్లాసు లేదు. లోపల అప్పటికే మూడు రాళ్లు పెట్టి మంట వేశారు, పొగ బయటకు వస్తోంది. జంపక్క ఎవరితోనో వాళ్ల మాటలో నెమ్మదిగా మాట్లాడుతోంది. మధ్యలో బొజ్జయ్య పేరు ఒక్కటే నాకు తెలిసింది. లోపలికి రమ్మంటే వెళ్దామని, స్టవ్ పట్టుకుని ఆ మేకు పక్కనే నిలబడ్డాను.